సంతకం పెట్టినోడి మీద బాంబులు, పెట్టనోడి భుజం మీద చెయ్యి: ఈ ఎన్‌పీటీ అసలు ఎవరి కోసం?

గోదారి_గట్టు
ఎంత ఆలోచించినా ఈ విషయం నాకు మింగుడు పడటం లేదు. ఇరాన్ 1970 నుంచి అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో, అదే ఎన్‌పీటీలో ఉంది. వియన్నాలో ఉండే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, అదే ఐఏఈఏ, వాళ్లు వెళ్లి కెమెరాలు పెట్టారు, సీళ్లు వేశారు, యురేనియం తూచి లెక్క రాసుకున్నారు. ఇజ్రాయెల్ ఆ ఒప్పందంలో ఏనాడూ చేరలేదు. వాళ్ల డిమోనా రియాక్టర్‌లో ఐఏఈఏ తనిఖీల ఊసే లేదు. 2025 జూన్ 13న చేరనివాడు వెళ్లి చేరినవాడి మీద బాంబులు వేశాడు. 22న అమెరికా కూడా దిగి ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాలు మూడింటినీ కొట్టింది. ఆ అమెరికా దగ్గర ఉన్న బాంబులేమో వేలల్లో.

ఇరాన్ ప్రభుత్వం మీద నాకేం ప్రేమ లేదు. అక్కడి ఆడపిల్లలను ఏం చేస్తున్నారో చూస్తూనే ఉన్నాం. నా ప్రశ్న ఒక్కటే. బాంబు ఉందని లోకమంతా అనుకునేవాడిని అడగరు, చేస్తాడేమోనని అనుమానం ఉన్నవాడిని కొడతారు. దీనికి చట్టంలో ఏ పేరు పెడతారు? తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి. టీవీ డిబేట్లు చూసి చూసి తలనొప్పి వస్తోంది.

చాయ్_బిస్కట్
సీరియస్ వాళ్లు వచ్చేలోపు మొదటి బెంచీ నాది.

నల్లకోటు
గట్టు గారూ, తేడా అమలులోనే కాదు, ఒప్పందం రాతలోనే ఉంది. 1967 జనవరి 1కి ముందు అణుబాంబు తయారుచేసి పేల్చిన దేశమే 'అణ్వస్త్ర దేశం' అని తొమ్మిదో అధికరణంలో రాసుకున్నారు. అమెరికా 1945, రష్యా 1949, బ్రిటన్ 1952, ఫ్రాన్స్ 1960, చైనా 1964 అక్టోబర్. అంతే, తలుపు మూసేశారు. మన దగ్గర అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణకు కటాఫ్ తేదీ పెడతారు చూడండి, అచ్చం అదే. తేదీకి ముందు కట్టినోడు సక్రమం, తర్వాత కట్టినోడు అక్రమం. రెండు బిల్డింగులకీ ప్లాన్ అప్రూవల్ ఉండదు.

బదులుగా పెద్దలు ఇచ్చిన మాటలు రెండు. నాలుగో అధికరణం: శాంతియుత అణుశక్తి అందరి హక్కు. ఆరో అధికరణం: నిరాయుధీకరణ కోసం చిత్తశుద్ధితో చర్చలు జరుపుతాం. ఎప్పటిలోగా? గడువు రాయలేదు. ఒప్పందానికి మొదట 25 ఏళ్ల కాలపరిమితి ఉండేది. 1995లో దాన్ని శాశ్వతం చేసేశారు. బేరం ఆడటానికి చిన్న దేశాల చేతిలో ఉన్న ఒక్క ఆయుధం ఆ రోజుతో పోయింది.

కడప_కారం
కటాఫ్ పోలిక అదిరింది. మా బావమరిది మూడో అంతస్తు ఇంకా ఆ ఫైలులోనే ఉంది.

అందుకే మనోళ్లు సంతకం పెట్టలేదు. చైనా 1964లో పేల్చింది కాబట్టి పెద్దమనిషి, మనం 1974లో పేల్చాం కాబట్టి నేరస్థులం. 1996లో జెనీవాలో మన రాయబారి అరుంధతీ ఘోష్ గారు అణు పరీక్షల నిషేధ ఒప్పందం సీటీబీటీ మీద ఇప్పుడూ కాదు, తర్వాతా కాదు అని ముఖాన చెప్పేసి వచ్చారు. 1998 మే 11న, 13న మళ్లీ పేల్చాం. ఏం చేశారు? ఆంక్షలు పెట్టారు, భద్రతా మండలిలో 1172 నంబరు తీర్మానం చేశారు. పదేళ్లు తిరక్కుండా అమెరికా వాళ్లే ఇంటికొచ్చి అణు డీల్ కుదుర్చుకున్నారు. బలం ఉంటే న్యాయం దానంతటదే వస్తుంది.

చాయ్_బిస్కట్
1998 మే అంటే నాకు ఇంటర్ ఫలితాల టెన్షన్. మా ఇంట్లో అంతకుముందే పేలుడు జరిగింది.

మౌలాలీ_మామ
కారం బాబూ, కొంచెం ఆగు. ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర ఎన్‌ఎఫ్‌సీలో, అంటే అణు ఇంధన సముదాయంలో పనిచేసి రిటైరయ్యాను. పేపర్లలో వచ్చిన సంగతులే చెప్తాను, లోపలి కబుర్లు అడగొద్దు.

1974లో పేల్చినదానికి ప్లుటోనియం, అంటే బాంబు సరుకు, ఎక్కడిది? ట్రాంబేలోని సైరస్ రియాక్టర్‌ది. రియాక్టర్ కెనడా ఇచ్చింది, భారజలం అమెరికా ఇచ్చింది. శాంతియుత అవసరాలకే వాడతామని మాట ఇచ్చి తీసుకున్నాం. తర్వాత దానికి 'శాంతియుత అణు పేలుడు' అని పేరు పెట్టాం. కెనడా వాళ్లకి కోపం రావడంలో అన్యాయం ఏముంది? రాజస్థాన్‌లో రెండో రియాక్టర్ సగంలో వదిలేసి వెళ్లిపోయారు. దాన్ని మనవాళ్లే పూర్తిచేశారు. ఆ పేలుడు చూసి భయపడే అణు సరఫరాదారుల బృందం, ఎన్‌ఎస్‌జీ పెట్టారు. మనల్ని బయట పెట్టడానికి పుట్టిన క్లబ్బులో మెంబర్‌షిప్ కోసం 2016లో మనమే దరఖాస్తు పెట్టుకున్నాం. చైనా అడ్డుపడింది.

ఇక తారాపూర్ కథ వినండి. ఆ రెండు రియాక్టర్లు అమెరికా కట్టింది. ఇంధనం కూడా తానే ఇస్తానని 1963లో రాసిచ్చింది. 1978లో సొంత పార్లమెంటులో కొత్త చట్టం చేసుకుని ఇవ్వనంది. అంతర్జాతీయ ఒప్పందం కంటే వాళ్ల ఇంటి చట్టం ఎక్కువైపోయింది. 1982లో ఫ్రాన్స్‌ని ముందుకు నెట్టారు. ఫ్రాన్స్ కూడా 90లలో చేతులెత్తేసింది. అప్పుడు ఎవరిచ్చారో తెలుసా? చైనా. ఎన్‌ఎస్‌జీలో మనకు అడ్డుపడిన అదే చైనా. 1995లో అది ఇంకా ఆ క్లబ్బులో లేదు కదా.

సందేహాల_సుబ్బి
మామగారూ, ఎన్‌ఎఫ్‌సీకి కూడా ఐఏఈఏ వాళ్లు వస్తారా? మనం ఎన్‌పీటీలో లేం కదా?

మౌలాలీ_మామ
వస్తారమ్మా. 2008 తర్వాత మన అణు సంస్థలను రెండుగా విడదీశారు, పౌర అవసరాలవి, మిగతావి. అప్పటికున్న లెక్క ప్రకారం 22 రియాక్టర్లలో 14 తనిఖీ కిందకి. ఎన్‌ఎఫ్‌సీలో కూడా కొన్ని బ్లాకులు ఆ జాబితాలో ఉన్నాయి. కజకిస్తాన్ నుంచో రష్యా నుంచో వచ్చిన యురేనియం అయితే గ్రాము గ్రాముకీ వియన్నాకి లెక్క చెప్పాలి. మన జాదుగూడ, తుమ్మలపల్లె గనుల సరుకు అయితే ఎవరూ అడగరు. ఒకే గేటు, ఒకే క్యాంటీన్, లోపల రెండు రకాల యురేనియం. కొలిమిలో కాల్చిన ఇంధన బిళ్ల చేతిలో పెట్టి ఇది ఏ దేశానిదో చెప్పమంటే ఎవడూ చెప్పలేడు. రెండూ ఒకే నల్లటి బిళ్లలు, ఒకే కొలత. తేడా అంతా కాగితం మీదే.

వాళ్లు వేసే సీలు గురించి కూడా చెప్తాను, సరదాగా ఉంటుంది. పాత రకం సీలుకి రెండు లోహపు మూతలు ఉంటాయి. వేసే ముందే లోపలివైపు అడ్డదిడ్డంగా గీతలు గీసి, వియన్నాలో ఫోటో తీసి పెట్టుకుంటారు. తర్వాత సీలు విప్పి వెనక్కి తీసుకెళ్లి ఆ ఫోటోతో గీత గీతా పోల్చి చూస్తారు. ఎవడైనా విప్పి కొత్తది పెడితే గీతలు కలవవు. ఇంత తెలివైన పనితనం, పాపం, పెట్టనిచ్చిన చోటే పెట్టగలరు.

పీహెచ్‌డీ_పాపం
మామగారు చివరి వాక్యంలో అసలు విషయం చెప్పేశారు.

కారం గారూ, మీరు 2008 నాటి అణు డీల్‌ని విజయంగా చెప్తున్నారు. నాకు అది ఇరాన్ వైపు నుంచి చూస్తే వేరేలా కనిపిస్తుంది. ఎన్‌పీటీలో చేరనివాళ్లకు, పూర్తి తనిఖీలకు ఒప్పుకోనివాళ్లకు అణు వ్యాపారం లేదన్నది ఎన్‌ఎస్‌జీ సొంత నియమం. 2008 సెప్టెంబర్ 6న ఒక్క ఇండియా కోసం దాన్ని పక్కన పెట్టారు. ఆస్ట్రియా, ఐర్లాండ్, న్యూజిలాండ్ చివరి గంట దాకా గొణిగాయి, వాటి నోరు మూయించారు. మనం మంచివాళ్లమని ఇవ్వలేదు. చైనాకు ఎదురుగా ఒక పెద్ద దేశం కావాలి, రియాక్టర్లు అమ్మడానికి ఒక పెద్ద మార్కెట్ కావాలి, అందుకు ఇచ్చారు. ఇంకో సంగతి. ఆ డీల్ చర్చలు నడుస్తుండగానే 2005 సెప్టెంబర్‌లో ఐఏఈఏ బోర్డులో ఇరాన్ నిబంధనలు ఉల్లంఘించిందన్న తీర్మానానికి ఇండియా ఓటేసింది. సంతకమే పెట్టని మనం, సంతకం పెట్టినవాడు తప్పు చేశాడని చెయ్యెత్తాం. శ్రీరంగ నీతులు ఒక్క అమెరికాయే చెప్పడం లేదు.

నా సొంత కేసు కూడా చెప్తా. నేను మెటీరియల్స్ సైన్స్ చదువుతున్నాను, దేశం పేరు చెప్పను. దరఖాస్తులో 'రియాక్టర్ స్టీల్' అన్న మాట చూసి వీసా అదనపు పరిశీలనలో పడేశారు. నెలల తరబడి కదల్లేదు, ఒక సెమిస్టర్ పోయింది. నా ల్యాబ్‌లో ఇస్ఫహాన్ అమ్మాయి ఒకామె ఉంది. తను ఇంటికి వెళ్తే మళ్లీ రానిస్తారో లేదోనని వచ్చినప్పటి నుంచీ వెళ్లనే లేదు. ఇద్దరం ఒకే మెషీన్ దగ్గర పనిచేస్తాం. నా ఫైలు చివరికి కదిలింది. తనకి కొన్ని కంప్యూటర్ కోడ్‌లకు యాక్సెస్ కూడా ఇవ్వరు.

చాయ్_బిస్కట్
దేశం పేరు చెప్పకపోయినా డాలర్ వాసన గుప్పుమంటోంది మేడం.

కడప_కారం
పాపం గారూ, దేశాలు ధర్మసత్రాలు నడపవు. మనకి యురేనియం కావాలి, తెచ్చుకున్నాం. 2008కి ముందు ఇంధనం చాలక రియాక్టర్లు సగం సామర్థ్యంతో నడిచాయి. మామగారిని అడగండి. ఇంకోటి, 1998 నాటి అమెరికా నిషేధాల జాబితాలోంచి మన భాభా అణు పరిశోధన కేంద్రం, బార్క్ పేరు తీసింది ఎప్పుడో తెలుసా? 2025 జనవరిలో. వ్యూహాత్మక భాగస్వామి అని ఇరవై ఏళ్లు చేతులు కలిపి ఫోటోలు దిగాక. మనకేదో ముద్దు చేసి ఇచ్చేశారన్నట్టు మాట్లాడకండి.

లెక్కల_మాస్టారు
అందరూ అన్యాయం గురించే మాట్లాడుతున్నారు. నేను అవతలి పక్క నిలబడతాను, రాళ్లు తర్వాత వేయండి.

1963లో అమెరికా అధ్యక్షుడు కెనడీ ఏమన్నాడు? 1975 నాటికి అణ్వస్త్ర దేశాలు 15, 20 అవుతాయేమోనని భయపడ్డాడు. 2025 నాటికి ఎన్ని ఉన్నాయి? తొమ్మిది. స్వీడన్, దక్షిణ కొరియా, తైవాన్, బ్రెజిల్, అర్జెంటీనా అందరూ ఏదో ఒక దశలో ఆ దారిలో కొంత దూరం వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లే. దక్షిణాఫ్రికా ఆరు బాంబులు చేసి, తానే విప్పేసి 1991లో ఎన్‌పీటీలో చేరింది. బాంబు చేసి వదులుకున్న దేశం అదొక్కటే. 1986 ప్రాంతంలో ప్రపంచంలో 70 వేల అణు వార్‌హెడ్లు ఉంటే, 2025 జనవరి నాటికి స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్క 12,241. రూలు అన్యాయమైనదే, ఒప్పుకుంటాను. కానీ మన వీధిలో తుపాకీ లైసెన్సులు ఐదుగురికే ఇచ్చారని, మిగతా రెండొందల ఇళ్లకీ తుపాకులు పంచమంటామా?

నల్లకోటు
మాస్టారూ, లెక్క బాగుంది, కానీ రెండు ఖాతాలు కలిపేశారు. 70 వేలు 12 వేలకు దిగింది ఎన్‌పీటీ ఆరో అధికరణం వల్ల కాదు. అమెరికా, రష్యా తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందాల వల్ల. వాటిలో చివరిది న్యూ స్టార్ట్. దాని గడువు 2026 ఫిబ్రవరి 5 వరకే. రష్యా 2023లోనే అమలు ఆపేసింది. ఇప్పటికీ ఆ 12 వేలలో దాదాపు పదింట తొమ్మిది వంతులు వాళ్లిద్దరివే. ఇండియా 180, పాకిస్తాన్ 170 దగ్గర ఉన్నాయని అదే సిప్రి అంచనా. చైనా 600 దాకా వెళ్లింది, ఏటా పెంచుతోంది. ఎన్‌పీటీలో ఉన్న ఐదుగురూ కొత్త బాంబులు, కొత్త జలాంతర్గాములు కడుతున్నారు. చిత్తశుద్ధి ఎక్కడ?

విశాఖ_ఉప్పుగాలి
మాస్టారూ, వెనక్కి వచ్చినవాళ్ల పేర్లు చదివారు సరే, వదిలేసుకున్నవాళ్లకి ఏమైందో కూడా చదవండి.

ఉక్రెయిన్: సోవియట్ కూలినప్పుడు దాని నేల మీద 1,900 దాకా వ్యూహాత్మక వార్‌హెడ్లు. 1994 డిసెంబర్ 5న బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ మీ సరిహద్దులు గౌరవిస్తామన్న హామీ పత్రం మీద సంతకాలు పెట్టాయి, ఉక్రెయిన్ అవన్నీ రష్యాకి పంపించేసింది. 2014లో క్రిమియా పోయింది, 2022లో యుద్ధం వచ్చింది. లిబియా: 2003 డిసెంబర్‌లో గడాఫీ అన్నీ అప్పజెప్పాడు. 2011లో ఎలా చచ్చాడో వీడియో అందరూ చూశారు. ఉత్తర కొరియా: 2003లో ఎన్‌పీటీ నుంచి బయటకొచ్చి 2006లో పేల్చింది. దాని అధినేతతో ట్రంప్ సింగపూర్‌లో షేక్‌హ్యాండ్ ఇచ్చి ఫోటో దిగాడు. ఇవి మూడూ చూసిన ఇరాన్ జనరల్‌కి ఏం అర్థమవుతుంది?

మా ఊరి సంగతి కూడా చెప్పేస్తా. 2009 జూలై 26న అణు జలాంతర్గామి అరిహంత్‌ని ఇక్కడే నీళ్లలోకి దింపారు. 2024 ఆగస్టులో అరిఘాత్‌ని కూడా ఇక్కడే నౌకాదళంలో చేర్చారు. వాటి రియాక్టర్లలో ఇంధనానికి వియన్నా సీలు ఉండదు. నాకు గర్వంగానే ఉంది, అబద్ధం ఆడను. కానీ బీచ్‌రోడ్డులో నిలబడి ఇరాన్‌కి నీతులు చెప్పాలంటే నోరు రాదు.

లెక్కల_మాస్టారు
ఉక్రెయిన్ మీద ఒక్క మాట. ఆ బాంబులు ఆ నేల మీద ఉన్నాయి గానీ పేల్చే కోడ్‌లు మాస్కో చేతిలో ఉన్నాయి. అట్టిపెట్టుకుని వాడగలిగేవాళ్లేనని గ్యారంటీ ఏమీ లేదు. 'బాంబు ఉంచుకుని ఉంటే బతికేవాళ్లు' అన్నంత తేలిక కాదు ఆ కథ.

విశాఖ_ఉప్పుగాలి
కోడ్ సంగతి సరే మాస్టారూ, హామీ పత్రం మీద సంతకం పెట్టింది కూడా మాస్కోయే కదా!

దోహా_అన్న
మీరు ఒప్పందాల మీద కొట్లాడుకుంటున్నారు, మేము కిందనుంచి చూసినం. జూన్ 23 రాత్రి. అల్ ఉదీద్ అని అమెరికా వాళ్ల స్థావరం దోహాకి దగ్గర్లోనే ఉంటది. దాని మీదికి ఇరాన్ క్షిపణులు ఇడిసింది. డ్యూటీ దిగి రూముకొచ్చి చపాతీ పిండి కలుపుతున్నా. కిటికీ అద్దాలు దడదడమన్నయి. మెట్లెక్కి పైకి పోతే ఆకాశంలో నిప్పు చుక్కలు, ఒకదాని వెనక ఒకటి పైకి లేచి పగులుతున్నయి. మా రూములో జగిత్యాల, నిజామాబాద్ పోరగాళ్లం ఉంటం. ఒకడు వీడియో తీస్తున్నడు, ఒకడు అమ్మకి ఫోన్ చేసి ఏం లేదు ఏం లేదు అంటున్నడు. విమానాలు బంద్ పెట్టిండ్రు. తెల్లారి మళ్లీ డ్యూటీకి పోయినం, మేస్త్రీ ఒక్క గంట కూడా లీవు ఇయ్యలే.

నాకు ఒక్కటి చెప్పుండ్రి. ఇరాన్ నిజంగా బాంబు చేసిందా, లేదా?

పీహెచ్‌డీ_పాపం
చేయలేదు అన్నా. చేసిందని ఐఏఈఏ కూడా ఎప్పుడూ అనలేదు. అలాగని ఏ పాపమూ ఎరగనిది కూడా కాదు. నతాంజ్ కేంద్రం గురించి 2002లో బయటివాళ్లు బయటపెడితే గానీ చెప్పలేదు. ఫోర్డో సంగతి కూడా 2009 దాకా గుట్టుగానే ఉంది. పెద్ద దేశాలతో కుదిరిన 2015 ఒప్పందం ప్రకారం ఇరాన్ యురేనియం శుద్ధి 3.67 శాతం దాటకూడదు, నిల్వ 300 కిలోలు మించకూడదు. ఆ లెక్క ఇరాన్ పాటిస్తోందని ఐఏఈఏ వరసగా రిపోర్టులు ఇచ్చింది. అయినా 2018 మే 8న ట్రంప్ బయటకు వచ్చేసి ఆంక్షలు మళ్లీ వేశాడు. ఇరాన్ ఏడాది ఓపిక పట్టింది. 2019 నుంచి ఒక్కో హద్దూ దాటుతూ వచ్చి, 2021 ఏప్రిల్‌లో 60 శాతానికి వెళ్లింది. 2025 మే నాటికి ఆ 60 శాతం సరుకే 400 కిలోల పైన. కరెంటు కోసం అంత శుద్ధి ఎవరికీ అక్కర్లేదు. బాంబుకి 90 శాతం కావాలంటారు, అక్కడి నుంచి అది చాలా దగ్గర దూరం.

2025 జూన్ 12న ఐఏఈఏ బోర్డు 19 ఓట్లతో ఇరాన్ నిబంధనలు పాటించడం లేదని తేల్చింది. తెల్లారేసరికి బాంబులు. తనిఖీ రిపోర్టు భద్రతా మండలికి వెళ్లి, అక్కడ చర్చ జరిగి, ఇదంతా జరగడానికి ఒక్క రోజు కూడా ఇవ్వలేదు. నా దృష్టిలో ఇక్కడ దెబ్బ తిన్నది ఇరాన్ కంటే ఐఏఈఏ. ఇంకెవరైనా ఇకపై ఇన్‌స్పెక్టర్లకు తలుపు తీసి ఏది ఎక్కడుందో చూపిస్తారా? 2025 జూలై మొదట్లో ఇరాన్ సహకారం ఆపేస్తూ చట్టం కూడా చేసింది.

సందేహాల_సుబ్బి
మరి పాకిస్తాన్ చేస్తుంటే ఇంత గోల ఎందుకు జరగలేదు?

కడప_కారం
ఎందుకంటే అప్పుడు ఆఫ్గనిస్తాన్‌లో రష్యాతో కొట్లాట ఉంది సుబ్బీ. 1985లో అమెరికాలో ప్రెస్లర్ సవరణ అని వచ్చింది. పాకిస్తాన్ దగ్గర అణుబాంబు లేదని అధ్యక్షుడు ఏటా రాసిస్తేనే సాయం అందాలి. పాకిస్తాన్ అణు కేంద్రం కహూటాలో ఏం జరుగుతోందో తెలిసి కూడా ఏటా రాసిచ్చారు. రష్యా సైన్యం 1989లో వెళ్లిపోయింది. 1990 అక్టోబర్‌లో ఉన్నట్టుండి జ్ఞానోదయమై రాయడం మానేశారు. పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఏ క్యూ ఖాన్ యురేనియం శుద్ధిచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రాల డిజైన్లు ఇరాన్‌కి, లిబియాకి, ఉత్తర కొరియాకి అమ్మాడు, 2004లో టీవీలో ఒప్పుకున్నాడు, మర్నాడే ముషారఫ్ క్షమాభిక్ష పెట్టేశాడు. అమెరికా నోరెత్తలేదు. ఎందుకంటే అప్పుడు మళ్లీ ఆఫ్గనిస్తాన్‌లో పని పడింది. చైనా సంగతి చెప్పక్కర్లేదు. ఎన్‌ఎస్‌జీలో చేరాక కూడా పాత ఒప్పందం కిందకే వస్తాయంటూ పాకిస్తాన్‌లోని చష్మాలో రియాక్టర్లు కడుతూనే పోయింది.

నిర్వాహకుడు
దీని కింద వచ్చిన ఇండియా పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ కామెంట్లు తీసేశాను. బాంబుల గురించే మాట్లాడండి, పక్కదేశం వాళ్ల తిండి గురించి వద్దు.

చాయ్_బిస్కట్
బాంబుల గురించి మాత్రమే మాట్లాడమని చెప్పిన మొదటి నిర్వాహకుడు.

నల్లకోటు
గట్టు గారి మొదటి ప్రశ్నకి ఇంకా పూర్తి జవాబు రాలేదు. ఇజ్రాయెల్‌ని అడగలేదు అనడం సరికాదు, అడిగి వదిలేశారు. 1981 జూన్ 7న ఇరాక్‌లోని ఒసిరాక్ రియాక్టర్ మీద ఇజ్రాయెల్ బాంబులు వేస్తే, భద్రతా మండలి 487వ తీర్మానం ఏకగ్రీవంగా చేసింది. దాడి తప్పు అంది, ఇజ్రాయెల్ తన అణు కేంద్రాలను ఐఏఈఏ తనిఖీ కిందకి తేవాలంది. అమెరికా కూడా ఓటేసింది! నలభై ఏళ్లు దాటింది, ఆ వాక్యం అలాగే ఉంది. అక్కడ పనిచేసిన మొర్దెకాయ్ వనును అనే టెక్నీషియన్ 1986లో డిమోనా లోపలి ఫోటోలు లండన్ పేపరుకి ఇస్తే, రోమ్ నుంచి ఎత్తుకుపోయి 18 ఏళ్లు జైల్లో పెట్టారు. దాని వెనక 1969లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్, ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మేయిర్ మధ్య కుదిరిన ఒక లోపాయికారీ అవగాహన ఉంది. మీరు పరీక్షలు చేయొద్దు, ప్రకటించొద్దు, మేము అడగం. 1995లో ఎన్‌పీటీని శాశ్వతం చేసేటప్పుడు అరబ్ దేశాల చేత ఊ అనిపించడానికి, పశ్చిమాసియాను అణ్వస్త్రాలు లేని ప్రాంతంగా చేద్దామని తీర్మానం పాస్ చేశారు. 2015 సమీక్షా సదస్సు సరిగ్గా ఆ మాట దగ్గరే విరిగిపోయింది.

గోదారి_గట్టు
అంటే ప్రతివాడి చేతికీ మసి ఉంది. చేతులు శుభ్రంగా ఉండి అడిగినవాడు ఒక్కడైనా ఉన్నాడా?

నల్లకోటు
ఉన్నారు. మార్షల్ దీవులు. పసిఫిక్ సముద్రంలో చిన్న దేశం. 1946 నుంచి 1958 దాకా అమెరికా అక్కడ 67 అణు పరీక్షలు చేసింది. 1954 మార్చి 1న బికినీ దీవిలో పేల్చిన కాజిల్ బ్రావో ఒక్కటే 15 మెగాటన్నులు. బూడిద మంచులా రొంగెలాప్ దీవి మీద రాలింది, అక్కడి వాళ్లను కొన్ని రోజుల తర్వాత గానీ ఖాళీ చేయించలేదు.

ఆ దేశం 2014లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో తొమ్మిది అణ్వస్త్ర దేశాల మీదా కేసులు వేసింది. నష్టపరిహారం కాదు, చిత్తశుద్ధితో చర్చలు జరపాలన్న బాధ్యత నిలబెట్టుకోలేదని మాత్రమే. ఆ బాధ్యత ఉందని 1996లో అదే కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆరు దేశాలు ఆ కోర్టు పరిధికి ఒప్పుకోలేదు. పరిధి ఒప్పుకున్నవాళ్లు ముగ్గురే కాబట్టి బోనులో నిలబడింది బ్రిటన్, పాకిస్తాన్, ఇండియా. అవును కారం గారూ, మనం. మన వాదన ఏమిటంటే, మేము మొదటి నుంచీ నిరాయుధీకరణ కోరుతున్నాం, మాకూ వాళ్లకూ వివాదమే లేదు అని. 2016 అక్టోబర్ 5న కోర్టు సరిగ్గా ఆ కారణం మీదే కేసులు కొట్టేసింది. వివాదం ఉన్నట్టు ముందుగా తెలియజేయలేదట. ఇండియా కేసులో 9-7. బ్రిటన్ కేసులో 8-8 వచ్చింది, అధ్యక్షుడి అదనపు ఓటుతో తేలింది. అప్పటి అధ్యక్షుడు ఫ్రాన్స్ దేశస్థుడు.

చాయ్_బిస్కట్
67 బాంబులు పడ్డాక కూడా 'వివాదం ఉందని మాకు చెప్పలేదు' అనిపించుకోవడం. దీనికి జోకు వేయడం నా వల్ల కాదు.

కడప_కారం
ఆ కేసులో మన వాదనలో తప్పేముంది? 1988 జూన్‌లో రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితిలో 2010 నాటికి అణ్వస్త్రాలే లేకుండా చేద్దామని ప్లాన్ ఇచ్చాడు. పెద్దవాళ్లు పక్కన పడేశారు. ముందుగా ప్రయోగించం అన్న విధానం కూడా మనకుంది. ఐదుగురిలో చైనా తప్ప ఎవరికీ ఆ మాట లేదు.

పీహెచ్‌డీ_పాపం
1988 ప్లాన్ మంచిదే. కానీ 2017 జూలైలో అణ్వస్త్రాల్ని పూర్తిగా నిషేధించే ఒప్పందానికి 122 దేశాలు ఓటేసినప్పుడు మనం ఆ చర్చలకే వెళ్లలేదు. ఆ ఐదుగురూ వెళ్లలేదు. ఇజ్రాయెల్, పాకిస్తాన్, ఉత్తర కొరియా కూడా రాలేదు. తొమ్మిది మందీ ఒక్క మాట మీద నిలబడ్డ సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

విశాఖ_ఉప్పుగాలి
ఇంకో రెండు చిల్లర సంగతులు కూడా ఇక్కడే పడేస్తా. జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్, ఇటలీ, టర్కీల్లో అమెరికా బాంబులు పెట్టి ఉన్నాయి. ఆ దేశాలన్నీ ఎన్‌పీటీలో 'అణ్వస్త్రాలు లేని' దేశాలే. అది తప్పు అని అరిచిన రష్యా 2023లో బెలారస్‌కి తనవి పంపానంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల ఆకస్ డీల్‌లో ఆస్ట్రేలియాకి ఇచ్చే జలాంతర్గాముల ఇంధనం బాంబు స్థాయి శుద్ధి యురేనియం. ఇరాన్ అదే అడిగితే?

లెక్కల_మాస్టారు
జపాన్‌ని వదిలేశావ్. 40 టన్నుల పైన ప్లుటోనియం. అందులో ఎక్కువ భాగం ఫ్రాన్స్, బ్రిటన్‌లలో ఉందనుకో. కానీ జపాన్ చెప్పిన చోటల్లా కెమెరా పెట్టనిస్తుంది, నతాంజ్ లాంటి గుట్టు ఎప్పుడూ బయటపడలేదు. అందరినీ ఒకే గాటన కట్టకూడదనే నా పాయింట్.

దోహా_అన్న
అన్నీ సమజైనయి గానీ ఒకటి చెప్పుండ్రి. ఇరాన్ కూడా ఉత్తర కొరియా లెక్క బయటికి పోతదా? పోతే మళ్లీ మా మీదకి వస్తదా?

నల్లకోటు
పోవచ్చు అన్నా. పదో అధికరణం ప్రకారం దేశ ప్రయోజనాలకు ముప్పు ఉందని కారణం చూపించి, 3 నెలల ముందు నోటీసు ఇస్తే చాలు. ఉత్తర కొరియా 1993 మార్చి 12న నోటీసు ఇచ్చి, గడువు ఒక్క రోజు ఉందనగా ఆపింది. పదేళ్ల తర్వాత 2003 జనవరిలో, మాకు మిగిలింది ఒక్క రోజే కదా, రేపటి నుంచి లేం అంది. లాయరుగా ఆ తెలివికి నేను లేచి నమస్కారం పెట్టాను. అది చెల్లుతుందా లేదా అని ఇప్పటికీ తేల్చలేదు. ఇరాన్ పార్లమెంటులో ఈ మాట వినిపించింది గానీ 2025 జూలై నాటికి నోటీసు ఇవ్వలేదు.

దోహా_అన్న
అంటే ఇయ్యాల నోటీసు ఇచ్చినా దసరా దాటినంకనే. బతుకమ్మకి వస్తానని ఇంట్ల చెప్పిన. టికెట్ కొనాల్నా వద్దా?

మౌలాలీ_మామ
కొను నాయనా. కానీ క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి వచ్చే టికెట్ కొను.